సామెత చెప్పని వడ్డీ
(విజయనగరంలో చేసిన స్మారక ఉపన్యాసం)

 

మనం ఈ సాయంత్రం తలుచుకుంటున్న మాస్టారు తన పేరు ఎక్కడా వేయవద్దన్నారట. ఆ మాట మన్నించి నేనూ పేరు ఎత్తను. ఆయన దగ్గర ఇంగ్లీషు దిద్దుకున్నవాళ్ళందరికీ ఒక పరీక్ష ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ఒక ఇంగ్లీషు సామెత ఇచ్చి, దాన్ని పెంచి రాయమనేవారు. పెన్నీలను కనిపెట్టుకుని ఉంటే పౌన్ల సంగతి అవే చూసుకుంటాయని, గుడ్డను బట్టి కోటు కత్తిరించుకోవాలని, అప్పుకోసం గడప దాటినవాడు దుఃఖానికి ఎదురెళ్ళినట్టేనని, గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకూడదని. పెన్నీ మొహం చూడని పిల్లలు, ఒంటిమీద కోటు ఎరగని పిల్లలు వాటి మీద పేజీలు నింపారు. ఆ సామెతలంటే నాకు గౌరవం. వాటిలో అబద్ధం లేదు. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాల చరిత్రతో కలిపి చదివితే వాటిలో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. ఈ సాయంత్రం ఆ ఖాళీ గురించే మాట్లాడతాను.

ముందు వీటి పుట్టుక. పెన్నీల సామెతను లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ పద్దెనిమిదో శతాబ్దంలో కొడుక్కి రాసిన ఉత్తరాల్లో ప్రస్తావించాడు. అది లౌండెస్ అనే ఖజానా కార్యదర్శి మాట అని కూడా చెప్పాడు. అంటే దేశం ఖజానా లెక్కలు చూసినవాడి నోట పుట్టి, ఒక జమీందారు కొడుక్కి బుద్ధిగా అందిన మాట అది. పొదుపు సామెతల్ని ప్రపంచమంతా తిప్పిన మనిషి మాత్రం బెంజమిన్ ఫ్రాంక్లిన్. పాతికేళ్ళ పాటు పంచాంగం అచ్చువేస్తూ మూలమూలనా సామెతలు పొదిగాడు. 1758లో వాటన్నిటినీ గుచ్చి, ఒక ముసలాయన చేసిన ప్రసంగంలాగా రాశాడు. ఇంగ్లీషులో పొదుపు గురించి జనం బాగా చదివిన రచనల్లో అది ఒకటి.

ఆ ప్రసంగం ఎక్కడ జరుగుతుందో గమనించండి. ఒక వేలంపాట దగ్గర. సరుకు అరువు మీద అమ్ముతున్నారు, ఆరు నెలల గడువు. పాట మొదలయ్యేలోగా పోగైన జనం ముసలాయన్ని ఒక ప్రశ్న అడుగుతారు: ఈ పన్నులు ఇంత బరువుగా ఉన్నాయే, ఇవి దేశాన్ని నాశనం చేయవా, వీటిని ఎలా కట్టడం? దానికి ఆయన జవాబు: ప్రభుత్వం వేసే పన్ను కంటే మీ సోమరితనం, మీ డాబు మీ మీద వేసే పన్ను ఎక్కువ. అక్కణ్ణుంచి సామెత మీద సామెత. జనం విని, బాగుందని తలలూపి, పాట మొదలవగానే ఎగబడి కొంటారు. ఆ ముగింపు చూసి మనిషి స్వభావం ఇంతే అనుకుని పుస్తకం మూసేస్తాం. నాకు మాత్రం మనసు ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. జనం అడిగింది తమ మీద పడుతున్న బరువు గురించి. వచ్చిన జవాబు వాళ్ళ అలవాట్ల గురించి. ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

మన సామెతలూ దాదాపు ఆ దారివే. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ కార్ 1868లో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అచ్చువేయించాడు. తెలుగు సామెతల్ని ఇంగ్లీషులో వివరించి, చాలాచోట్ల వాటికి దీటైన ఇంగ్లీషు సామెతనూ జోడించాడు. ఆ పని చూస్తే రెండు జాతుల పెద్దలూ ఒకే అరుగు మీద కూర్చుని పిల్లలకు బుద్ధులు చెబుతున్నట్టుంటుంది. మంచం ఉన్నమేరకే కాళ్ళు చాపుకోమంటారు మనవాళ్ళు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. అప్పు చేసి పప్పుకూడు వద్దంటారు. అన్నీ ఖర్చుపెట్టే చేతికి చెప్పినవే. అప్పిచ్చే చేతికి చెప్పినవి నేను వెతికినంతలో చాలా తక్కువ.

ఖర్చుపెట్టే చేతిని అంత నిశితంగా చూసిన పుస్తకం మనకు ఈ ఊళ్ళోనే పుట్టింది. ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఇక్కడే ఆడారు, 1897లో పుస్తకమైంది, 1909లో పూర్తిగా కొత్త రూపం దాల్చింది. అది మొదటి నుంచి చివరి దాకా డబ్బు నాటకమే. అందులో అందరికంటే ఎక్కువ ఇంగ్లీషు మాట్లాడే గిరీశం, సంతలో సామాన్లు కొని తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు పుచ్చుకుని మధురవాణి మీద ఖర్చుపెట్టేస్తాడు. లుబ్ధావధాన్లది ఇంకో రకం. దమ్మిడీ దమ్మిడీ పట్టి చూసే ముసలాయన శుల్కం పోసి పెళ్ళి చేసుకుంటే, ఆ పెళ్ళికూతురు ఆడపిల్లే కాదు, వేషం కట్టిన కుర్రాడు. ఆ తరువాత కేసు, కేసు కోసం మళ్ళీ ఖర్చు. పెన్నీల దగ్గర తెలివి, పౌన్ల దగ్గర తెలివితక్కువ అనే ఇంగ్లీషు సామెతకు ఇంతకంటే మంచి కథ ఇంగ్లీషులో నాకు కనపడలేదు. లోభికి ఖర్చెక్కువ అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

అయితే ఆ నాటకం రాసిన గురజాడ అక్కడ ఆగలేదు. మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో, విజయనగరం మహారాజు చేయించిన ఒక లెక్క ఇచ్చారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలు 1034 అని తేలింది. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. నాటకంలో పిల్ల అమ్మకానికి వచ్చిందంటే తండ్రి అగ్నిహోత్రావధాన్లు మూర్ఖత్వం ఒక్కటే కారణం కాదని, దాన్ని మోసే ఆచారం ఒకటి ఉందని ఆ అంకెలు చెబుతాయి. మనిషి గుణం పక్కనే ఏర్పాటునూ చూపించడం గురజాడ గొప్పతనం. సామెతలు చేయనిది ఇదే.

ఏర్పాటు ఉంటే అప్పు ఎలా తీరుతుందో కూడా విజయనగరం చరిత్రలోనే ఉంది. పూసపాటి నారాయణ గజపతి అప్పుల్లో చిక్కుకుని 1827లో ఎస్టేటును కలెక్టరు చేతికి అప్పగించి కాశీ వెళ్ళిపోయారు. ఆయన అక్కడే పోయారు. కలెక్టరు పాలనలో ఎస్టేటు రాబడితో అప్పులు తీరి, 1852లో వారసుడు విజయరామ గజపతికి సంస్థానం దక్కింది. దాదాపు పాతికేళ్ళు పట్టినా భూమి పోలేదు, వంశం నిలబడింది. ఆ పాతికేళ్ళలో అదే ఎస్టేటు కింద ఎన్ని రైతు కుటుంబాలు అప్పులకు భూములు వదులుకున్నాయో! వాళ్ళ కోసం నిలబడి లెక్క చూసే కలెక్టరు లేడు.

ఇక్కడ కాళీపట్నం రామారావు గారిని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేను. మురపాకలో పుట్టి, విశాఖలో పిల్లలకు పాఠాలు చెప్పి, శ్రీకాకుళంలో కథానిలయం నిలిపిన మనిషి. ఆయన ‘యజ్ఞం’ ఒక అప్పు కథ. సుందరపాలెం అనే ఊళ్ళో అప్పల్రాముడు అనే కష్టజీవి గోపన్న అనే షావుకారుకు బాకీ పడ్డాడు. పంచాయితీ జరుగుతుంది. తీర్పు చెప్పవలసిన శ్రీరాములునాయుడు చెడ్డవాడు కాదు, ఊరికి మేలు చేసిన పెద్దమనిషి. లెక్క దొంగలెక్క కాదు. బాకీ నిజమే, కాగితం నిజమే. అప్పల్రాముడు తాగుబోతు కాడు, జూదరి కాడు, సోమరి కాడు. ఫ్రాంక్లిన్ ముసలాయన ఎన్ని సామెతలు గుమ్మరించినా ఒక్కటీ అప్పల్రాముడికి తగలదు. అతను పంచాయితీ ముందు నిలబడి అడిగేది ఒక్కటే: ఊరు ఇంత బాగుపడింది గదా, మరి మేమెందుకు చితికిపోయాం? వేలంపాట దగ్గర జనం అడిగిన ప్రశ్న లాంటిదే. పంచాయితీ దానికి జవాబు చెప్పదు, బాకీ తీర్చమంటుంది. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. అతని కొడుకు సీతారాముడు మాత్రం ఆ అప్పు తరతరాల నౌకరీగా తన బిడ్డకు దిగకూడదని సొంత బిడ్డనే చంపి తెస్తాడు. ఆ ముగింపు మీద యాభై ఏళ్ళకు పైగా వాదాలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. నాకు ఆ కథలో అన్నిటికంటే భయం కలిగించేది వేరు. ఆ పంచాయితీలో అందరూ న్యాయంగానే మాట్లాడతారు.

కథలోని ఆ లెక్కను బయటికి తీద్దాం. మన వైపు వడ్డీని ఏడాదికి ఇంతని చెప్పరు. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. మూడ్రూపాయల వడ్డీ అంటే చెవికి చిన్నగా వినబడుతుంది. ఏడాదికి అది నూటికి 36. బారువడ్డీ అయినా సరే, మూడేళ్ళు నిండకముందే తెచ్చిన పదివేలకు ఇంకో పదివేలు చేరుతుంది. నోటు తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ అసల్లో కలుస్తుంది కాబట్టి నిజంగా జరిగేది చక్రవడ్డీ. ఇక బజారులో కూరలమ్మే ఆడవాళ్ళు తెచ్చుకునే రోజువారీ అప్పు చూడండి. పదివేలకు వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే గదా వడ్డీ, నూటికి పదే గదా అనిపిస్తుంది. కానీ తొమ్మిదివేలు వంద రోజులూ ఆమె చేతిలో లేవు, మర్నాటి నుంచే కరిగిపోతున్నాయి. సగటున ఆమె వాడుకున్నది నాలుగున్నర వేలు. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి నూటికి డెబ్బై అయిదు దాటింది. తెల్లవారుజామున లేచి, గంప నెత్తిన పెట్టుకుని, పూట భోజనం తగ్గించుకునే ఆమెకు పొదుపు గురించి మనం ఏ సామెత చెప్పగలం?

మన్యంలో వడ్డీకి ధాన్యం రూపం ఉండేది. నాగుకు తెచ్చుకోవడం అనేవారు. వానాకాలంలో తిండిగింజలు తెచ్చుకుని, పంట రాగానే అసలుతో పాటు నాగు కొలిచి ఇవ్వాలి. ఉప్పు, గుడ్డ అరువిచ్చి చింతపండు, పోడు పంట తన ధరకే తీసుకునే షావుకారు దగ్గర సవరల, జాతాపుల కష్టం ఏ యేటికా యేడు అమ్ముడైపోయేది. భూమి చేతులు మారకుండా 1959లో ఒక రెగ్యులేషన్, వడ్డీ వ్యాపారం మీద 1960లో మరొకటి వచ్చాయి. కాగితం మీద ఉన్న చట్టం కొండెక్కలేదు. 1967 చివరికి శ్రీకాకుళం మన్యం గిరిజన పోరాటంతో రగిలిపోయింది. ఆ పోరాటానికి నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. 1970 జులైలో ఇద్దరూ చనిపోయారు. భూబదిలీ చట్టాన్ని గట్టిగా బిగించిన సవరణ, గిరిజనుల అప్పుల నుంచి ఊరటనిచ్చే రెగ్యులేషన్ వచ్చినవి కూడా 1970లోనే. ఆ పోరాటం మార్గం గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. దాని పునాదిలో వడ్డీ లెక్క ఉందన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇంతా చెప్పి పొదుపు పనికిరాదని నేను అనడం లేదు. పొదుపుకు తావు కావాలంటున్నాను. ఆ సామెతలు పుట్టిన దేశంలో కూడా పేదవాడి పెన్నీకి చాలాకాలం తావు లేదు. పెన్నీల సామెత పుట్టి ఎన్నో దశాబ్దాలయ్యాక, 1810లో, స్కాట్లండ్‌లో రూత్‌వెల్ అనే పల్లెలో హెన్రీ డంకన్ అనే పాస్టరు ఒక పొదుపు బ్యాంకు తెరిచాడు. మామూలు బ్యాంకుల్లో ఖాతా తెరవాలంటే పది పౌన్లు ఉండాలి. ఈయన ఆరు పెన్నీలు తెచ్చినా తీసుకున్నాడు. సామెతకు కాళ్ళు వచ్చింది అప్పుడే. మన దేశంలో తపాలా పొదుపు బ్యాంకు 1882లో వచ్చింది. రైతు అప్పు సంగతి చూడమని మద్రాసు ప్రభుత్వం నికల్సన్ అనే అధికారిని నియమిస్తే, ఆయన యూరప్ గ్రామాల్లో అప్పు సంఘాలను పరిశీలించి 1895–97లో పెద్ద నివేదిక ఇచ్చాడు. జర్మనీలో పల్లెల సహకార పరపతికి ఆద్యుడైన రైఫైజెన్ వంటి మనిషి ప్రతి జిల్లాలో పుట్టాలన్నది దాని సారం. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. సంఘాలు వెలిశాయి. చాలాచోట్ల భూమి ఉన్నవాళ్ళే వాటిలో పెద్దలయ్యారు.

మన జిల్లాల్లో భూమి లేనివాళ్ళకు, అందులోనూ ఆడవాళ్ళకు, తావు దొరికింది 1990ల్లో. సారా వ్యతిరేక పోరాటం తరువాత రాష్ట్రమంతా డ్వాక్రా సంఘాలు అల్లుకున్నాయి. రోజుకు రూపాయి దాచుకోవడంతో మొదలుపెట్టారు. నెలకు ముప్పై రూపాయలు. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ‘వెలుగు’ పథకం ఆరు జిల్లాల్లో మొదలైతే అందులో మన రెండూ ఉన్నాయి. దాచిన రూపాయికి సంఘం పుస్తకంలో లెక్క ఉంటుంది. అవసరమైన మనిషికి అందులోంచే అప్పు ఇస్తారు. ఆమె కట్టే వడ్డీ ఊరు దాటి పోదు, పదిమందికీ చెందుతుంది. కొంతకాలానికి బ్యాంకు కూడా ఆ పుస్తకాన్ని నమ్మి అప్పిస్తుంది. 2004లో పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు. మూడ్రూపాయల వడ్డీలో పన్నెండో వంతు. అదే మనిషి, అదే ఖర్చు, అదే కష్టం. వడ్డీ ఒక్కటే మారింది. దానితో పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది, కూతురు డిగ్రీకి వెళ్ళింది. సంఘాల్లో పెత్తనాలు లేవని, లెక్కల్లో తేడాలు రాలేదని అనను. అయినా నా ఎరుకలో మన ప్రాంతపు పేద ఆడవాళ్ళ జీవితంలో ఇంత మార్పు తెచ్చినది ఇంకొకటి లేదు.

ఆ సంఘాలనే ఆసరా చేసుకుని సూక్ష్మ రుణ కంపెనీలు గుమ్మాల్లోకి వచ్చాయి. వారం వారం వసూళ్ళు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, గుంపుగా వచ్చి ఇంటి ముందు కూర్చోవడం. ప్రాణాలు పోయాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేయవలసి వచ్చింది.

గుడ్ల సామెత ఒకటి మిగిలింది. అన్నీ ఒకే బుట్టలో పెట్టవద్దని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటలు చూసినవాళ్ళకు తెలుసు. కొబ్బరి, దాని నడుమ జీడి, పనస, మామిడి, గట్టున మునగ. ఒకటి కాయకపోతే ఒకటి ఆదుకునే ఏర్పాటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరీ పోయింది, జీడీ పోయింది, పనసా పోయింది. గుడ్లు అన్ని బుట్టల్లోనూ ఉన్నాయి, బుట్టలన్నీ ఒకే గాలికి ఎదురుగా ఉన్నాయి. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావాలంటే అయిదారేళ్ళు. ఆ అయిదారేళ్ళు ఉద్దానం ఇళ్ళను నిలబెట్టినవి పట్టణాలకు, సైన్యానికి, విదేశాలకు వెళ్ళిన పిల్లలు పంపిన డబ్బులు. అలా వెళ్ళడానికీ వెల ఉంటుంది. మన తీరపు మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళతారు. అదే 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో మగ్గారు. పైగా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు. డయాలసిస్ ప్రభుత్వం చేయించినా, దారి ఖర్చులు, పోయిన కూలి, తోడు వెళ్ళిన మనిషి పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు? ఈ ఊరి కథకుడు చాసో ‘వాయులీనం’లో భార్య వైద్యానికి ఆమె వాయించుకునే ఫిడేలునే అమ్మిన భర్తను చూపించారు. జబ్బు ఇంట్లోకి వచ్చినప్పుడు ముందుగా పోయేది ఆ ఇంటి సంతోషమేనని అంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు అరుదు.

ఇక్కడ కూర్చున్న కాలేజీ పిల్లలకు ఒక పని అప్పగిస్తాను. ఇప్పుడు అప్పు మీ ఫోన్‌లోకే వస్తోంది. నాలుగు నొక్కులు నొక్కితే డబ్బు పడుతుంది. రోజువారీ అప్పు లాగే ఇక్కడా ముందు పట్టుకునేది ఎంత, ఏడాదికి పడే వడ్డీ ఎంత అన్నది చూపు ఆనని చోట ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు ఇచ్చేముందే ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి, అన్ని రుసుములూ కలిపి ఏడాదికి నూటికి ఎంత పడుతుందో అందులో ఉండాలి. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వ్యక్తులకిచ్చే వాయిదాల అప్పులన్నిటికీ ఈ నియమం పెట్టింది. ఆ పత్రం అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని, దాన్ని విడమరిచి చెప్పాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది. మీ అమ్మతో, పక్కింటి పిన్నితో కలిసి వెళ్ళినప్పుడు ఆ పత్రం తెలుగులో అడగండి. సంతకానికి ముందు ఆ ఒక్క అంకె గట్టిగా చదివి వినిపించండి. వాళ్ళు మూడ్రూపాయల వడ్డీతో దాన్ని పోల్చుకోగలిగేలా నెలకు ఎంతో కూడా లెక్కకట్టి చెప్పండి.